సిద్దిపేట ఎమర్జెన్సీ వార్డు: ప్రాణానికీ న్యాయానికీ మొదటి గడప

సర్కారు దవాఖానలో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే తలుపు ఎమర్జెన్సీ వార్డుది. పాతవాళ్లు దాన్ని క్యాజువాలిటీ అంటారు. గుండెనొప్పి, పాముకాటు, రోడ్డు ప్రమాదం, పురుగుల మందు, కాలిన గాయం, కొట్లాటలో తగిలిన దెబ్బ, ఏది వచ్చినా మొదట చేరేది అక్కడికే. చేతిలో పైసలు ఉన్నవాళ్లకు ఇంకో నాలుగు తలుపులు ఉంటాయి. సిద్దిపేట పట్టణంలోని దళితవాడల్లో, అద్దె గదుల్లో, అడ్డా మీద పని దొరికితేనే పొయ్యి వెలిగే ఇండ్లలో రాత్రి పది దాటాక మిగిలేది ఆ ఒక్క తలుపే.

ఆ గదిలో రెండు పనులు జరుగుతాయి. ప్రాణం నిలబెట్టడం అందరికీ కనిపించే పని. కాగితం రాయడం అంతగా కనిపించని పని. దెబ్బ ఎట్ల తగిలింది, ఎక్కడ, ఎన్ని గంటలకు, కొట్టింది ఎవరు అని డ్యూటీ డాక్టర్ రాసే నాలుగు వాక్యాల మీద తర్వాత కేసు, పరిహారం, బీమా అన్నీ ఆధారపడతాయి. దళిత కుటుంబాలకు ఈ రెండో పని కూడా మొదటిదానంత ముఖ్యం. అందుకే ఈ వ్యాసం రెండింటినీ కలిపి చూస్తుంది.

ఏరియా ఆసుపత్రి నుంచి బోధనాసుపత్రి దాకా

2016 అక్టోబర్ 11న జిల్లాగా ఏర్పడక ముందు సిద్దిపేట పాత మెదక్ జిల్లాలో భాగం. అప్పుడు జిల్లా కేంద్రం సంగారెడ్డి. 2018లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దానికి అనుబంధంగా పట్టణంలోని ఆసుపత్రి జనరల్ ఆసుపత్రి హోదాకు వచ్చింది. పట్టణంలో 2011 లెక్కల ప్రకారమే లక్షకు పైగా జనం. చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చే రోగుల భారం కూడా ఈ దవాఖాన మీదే పడుతుంది.

పట్టణం రాజీవ్ రహదారి మీద ఉంది. హైదరాబాద్, కరీంనగర్, రామగుండం మధ్య లారీలు, బస్సులు, కార్లు రాత్రింబవళ్లు తిరిగే దారి ఇది. ఇక్కడ సాధ్యం కాని కేసులను గాంధీకో, ఉస్మానియాకో, నిమ్స్‌కో పంపాలంటే దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం. తలకు దెబ్బ తగిలి రక్తం పోతున్న మనిషికి ఆ దూరం చాలా ఎక్కువ. గాయం తగిలిన మొదటి గంటను మోటారు వాహనాల చట్టం "గోల్డెన్ అవర్" అని ప్రత్యేకంగా నిర్వచించింది. ఆ గంటలో సిద్దిపేటలో ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అంబులెన్సు ఖర్చు పెట్టుకోలేని ఇంటి ముందుకు కూడా ఒక ఫోన్‌తో బండి వచ్చి ఆగడం తెలుగు నేల మీద చిన్న మార్పు కాదు. బండిలో ఉండే ఈఎంటీ ప్రథమ చికిత్స చేస్తారు, డ్రైవర్‌ను పైలట్ అంటారు. అంబులెన్సు తెచ్చి దించింది ఎమర్జెన్సీ గడప దగ్గరే. గడప దాటిన తర్వాత ఏం దొరుకుతుందన్నది వార్డు బలాన్ని బట్టి ఉంటుంది.

వాడ జనం రాత్రే ఎందుకు వస్తారు

"చిన్న జ్వరానికి కూడా ఎమర్జెన్సీకి వస్తారు" అనే విసుగు ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో వినిపిస్తుంది. దాని వెనక ఉన్న లెక్క చూడాలి. సఫాయి కార్మికురాలు తెల్లవారకముందే చీపురు పట్టాలి. అడ్డా కూలీ పొద్దున్నే నిలబడకపోతే ఆ రోజు కూలి పోతుంది. హమాలీ పని, బీడీలు చుట్టడం, ఇండ్లలో పాచిపని, వీటిలో దేనికీ జీతంతో కూడిన సెలవు లేదు. ఓపీ నడిచేది సరిగ్గా వీళ్లు పనిలో ఉండే గంటల్లోనే. 2018లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత ఇతర పట్టణాలకూ వచ్చిన బస్తీ దవాఖానాలు కూడా పగటి పూటే పనిచేస్తాయి.

కాబట్టి మొదటి రోజు మెడికల్ షాపు గోళీతో గడుస్తుంది. రెండో రోజు ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, ఒక గ్లూకోజ్ బాటిల్. మూడో రోజు రాత్రి ఊపిరి అందనప్పుడు ఆటోలో ఎమర్జెన్సీకి. షుగరు, బీపీ ఉన్నట్టు చాలామందికి తెలిసేది కాలి పుండు కుళ్లినప్పుడో, మూతి వంకర పోయినప్పుడో. వాళ్లు ఆలస్యంగా వచ్చారంటే నిర్లక్ష్యం అనుకోవద్దు. పగటి దవాఖాన వాళ్ల పని గంటలకు తగ్గట్టు లేదు. ప్రైవేటుకు పోతే మిత్తికి తెచ్చిన అప్పు ఏండ్ల తరబడి తీరదు.

కొన్ని అవసరాలు మాత్రం నిజంగా నిమిషాల మీదివే. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. పాము కరిస్తే కట్టు బిగించకుండా, కోయకుండా, నడిపించకుండా తీసుకురావాలి. విషం ఎక్కినట్టు తేలితే యాంటీవీనమ్ ఒక్కటే మందు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగితే అట్రోపిన్ వెంటనే మొదలవ్వాలి. తాగిన డబ్బా దొరికితే వెంట తెస్తే డాక్టర్‌కు ఏ విషమో తొందరగా తెలుస్తుంది.

వరుస ఎట్ల నిర్ణయిస్తారు

ఎమర్జెన్సీలో ముందు వచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి ఉండదు. ప్రాణాపాయం ఎంత అన్నదాన్ని బట్టి వరుస. దీన్నే ట్రయాజ్ అంటారు. ఎరుపు అంటే ఇప్పుడే చూడాలి, పసుపు అంటే త్వరగా చూడాలి, ఆకుపచ్చ అంటే ఆగగలరు. ఈ పద్ధతి తెలియక చాలా గొడవలు జరుగుతాయి. వెనక వచ్చిన మనిషిని ముందు తీసుకుపోతే పలుకుబడి పనిచేసిందని అనుకుంటారు. కొన్నిసార్లు నిజంగానే పలుకుబడి పనిచేస్తుంది. రెండింటినీ వేరు చేసేది ఒక్క ప్రశ్న: "మాకు ఏ రంగు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం వార్డు బాధ్యత. రంగుల అర్థం తెలుగులో గోడ మీద రాసి ఉంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

సిబ్బంది సంగతి కూడా చెప్పాలి. భారత వైద్య మండలి ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించింది 2009లో. కొత్త వైద్య కళాశాలల్లో ఆ విభాగం తప్పనిసరి అని 2020 నిబంధనలు చెప్పాయి. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కొత్త ప్రమాణాల్లో తప్పనిసరి విభాగాల జాబితా నుంచి దాన్ని తీసేశారు. జిల్లా కేంద్రాల్లో వరుసగా కాలేజీలు తెరుస్తున్న రాష్ట్రంలో ఈ మార్పు భారం ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. కార్పొరేట్ ఆసుపత్రులు తమ ఎమర్జెన్సీలకు నిపుణులను పెట్టుకోగలవు. సర్కారు దవాఖాన తప్ప వేరే దిక్కులేని వాళ్లకే నష్టం.

తాకని వైద్యం జ్ఞాపకం

దవాఖాన గడప దగ్గర దళితుల అనుమానానికి చరిత్ర ఉంది. కాఠియావాడ్‌లో ఒక అంటరాని ఉపాధ్యాయుడి భార్య ప్రసవమైన రెండు రోజులకు జబ్బుపడింది. డాక్టర్ వాడలోకి రానన్నాడు. పెద్దమనుషుల పూచీ మీద, రెండు రూపాయల ఫీజు మీద, బాలింతను వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. థర్మామీటర్‌ను ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు. ఆయన భర్తకు, భర్త భార్యకు ఇచ్చాడు. తాకకుండానే న్యుమోనియా అని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె చనిపోయింది. ఆ భర్త రాసిన ఉత్తరం 1929 డిసెంబర్‌లో గాంధీ పత్రిక "యంగ్ ఇండియా"లో అచ్చయింది. డాక్టర్ అంబేడ్కర్ దాన్ని తన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో చేర్చి, చదువుకున్న డాక్టర్ కూడా వృత్తి ధర్మం కన్నా అంటరానితనాన్నే పట్టుకున్నాడని చూపించారు.

ఇప్పుడు థర్మామీటర్ చేతులు మారదు. కానీ దూరం పాటించడానికి వేరే మార్గాలు ఉన్నాయి. పేరు, ఊరు, వాడ అడిగాక గొంతు మారడం, ఏకవచనంలోకి దిగడం, "ఏం తాగి వచ్చావ్" అని మొదలుపెట్టడం, చెప్పింది వినకుండా రాసుకోవడం. వీటిని చట్టం ముందు రుజువు చేయడం కష్టం. అయితే ఆసుపత్రిలోకి రానివ్వకపోవడం మాత్రం స్పష్టమైన నేరం. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 5వ సెక్షన్ అంటరానితనం కారణంగా ఆసుపత్రిలో ప్రవేశం నిరాకరించడాన్ని శిక్షార్హం చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ కూడా ఆసుపత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోకి రాకుండా అడ్డుకోవడాన్ని అత్యాచారంగా లెక్కించింది.

వైద్యం నిరాకరించడానికి వీల్లేదు

మన దేశంలో ఎమర్జెన్సీ వైద్యాన్ని హక్కుగా నిలబెట్టింది ఎక్కువగా కోర్టులే. ఒక స్కూటర్ ప్రమాద బాధితుడిని దగ్గరి ఆసుపత్రి చేర్చుకోలేదు. మెడికో లీగల్ కేసులు చూసే అనుమతి తమకు లేదని ఇరవై కిలోమీటర్ల దూరంలోని వేరే ఆసుపత్రికి పంపింది. అతను దారిలోనే చనిపోయాడు. ఈ వార్త ఆధారంగా నడిచిన పరమానంద్ కటారా కేసులో 1989 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాతే.

1996 నాటి పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి తీర్పు పేదలకు ఇంకా దగ్గరిది. 1992లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని కోల్‌కతాలో ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు బెడ్డు లేదనో, సౌకర్యం లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో సొంత పైసలతో వైద్యం చేయించుకున్నాడు. సమయానికి వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు చెప్పి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదనే సాకు చెల్లదంది. ఎక్కడ బెడ్డు ఖాళీగా ఉందో తెలిసే కేంద్రీకృత సమాచార వ్యవస్థ పెట్టాలని కూడా సూచించింది. రోగి చేతిలో రిఫరల్ చీటీ పెట్టి వంద కిలోమీటర్లు పంపే ప్రతిసారీ ఆ సూచనను గుర్తు చేయాలి.

తర్వాత వచ్చిన చట్టాలు కూడా తెలిసి ఉండాలి. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ కూడా స్వీకరించింది. దాని ప్రకారం ఎమర్జెన్సీలో వచ్చిన రోగికి ప్రైవేటు ఆసుపత్రి కూడా తన దగ్గరున్న వసతుల మేరకు పరిస్థితి కుదుటపడేలా చికిత్స చేయాలి. అత్యాచార బాధితులకు, యాసిడ్ దాడి బాధితులకు ఏ ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతుంది. నిరాకరిస్తే భారతీయ న్యాయ సంహిత 200 కింద ఏడాది దాకా జైలు. రోడ్డు ప్రమాద బాధితులకు 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులకు 1.5 లక్షల రూపాయల దాకా వైద్యం దొరుకుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 10 లక్షలు.

కాగితం ఎందుకు అంత ముఖ్యం

కొట్లాట, ప్రమాదం, కాలిన గాయం, విషం, లైంగిక దాడి, ఇలాంటివి వస్తే డాక్టర్ దాన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే ఎమ్మెల్సీగా నమోదు చేసి పోలీసులకు సమాచారం పంపుతారు. ఆ రిజిస్టర్ ఆధారంగా తర్వాత గాయాల సర్టిఫికెట్ ఇస్తారు. గాయం సాధారణమా తీవ్రమా అన్న ఒక్క మాట మీద కేసు సెక్షన్లు, బెయిలు, శిక్ష మారిపోతాయి.

కులదాడి జరిగిన రాత్రి మొదట చేరేది పోలీస్ స్టేషన్‌కు కాదు, దవాఖానకే. నెత్తురు కారుతుంటే ఫిర్యాదు రాయడానికి ఎవరూ కూర్చోరు. ఆ తొందరలో వెంట వచ్చినవాళ్లు "కింద పడ్డాడు" అని చెప్పినా, భయపెట్టి అట్ల చెప్పించినా, రికార్డులో అదే ఉండిపోతుంది. రెండు రోజుల తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో కర్రలతో కొట్టారని రాయిస్తే నిందితుల వకీలు కోర్టులో మొదట చూపించేది ఆ ఎమ్మెల్సీనే. అందుకే ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు, కులం పేరుతో ఏమన్నారు అన్నది బాధితులు చెప్పినట్టే రాయమని అడగాలి. రాసింది చదివి వినిపించమని కూడా అడగాలి.

అత్యాచారాల నిరోధక చట్టం కింద ఇచ్చే ఆర్థిక సాయం కూడా ఈ కాగితాలతోనే ముడిపడి ఉంది. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం లైంగిక అత్యాచారం కేసులో 5 లక్షల సాయంలో సగం వైద్య పరీక్ష, నిర్ధారణ నివేదిక తర్వాత అందాలి. హత్య కేసులో 8.25 లక్షల్లో సగం పోస్ట్‌మార్టం తర్వాత ఇవ్వాలి. బాధితుల మందులు, ప్రత్యేక వైద్య సలహా, రక్తం ఎక్కించడం, ప్రయాణం ఖర్చులు తిరిగి చెల్లించాలని 11వ నిబంధన చెబుతుంది. అంటే మందుల బిల్లు, ఆటో ఖర్చు చీటీ కూడా దాచుకోవాల్సినవే. కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి; కమిషనరేట్ ఉన్న సిద్దిపేటలో అది ఏసీపీ.

పని ప్రమాదాల్లోనూ ఇదే సమస్య. మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షలు, శాశ్వత వైకల్యానికి 20 లక్షలు, ఇతర వైకల్యాలకు కనీసం 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న ఆదేశించింది. దవాఖానకు తెచ్చిన కాంట్రాక్టర్ మనిషి "స్పృహ తప్పి పడ్డాడు" అని మాత్రమే చెబితే, ట్యాంకు అన్న మాటే రికార్డులో లేకపోతే, ఆ కుటుంబం తన హక్కును నిరూపించుకోవడానికి ఏండ్లు తిరగాలి. గుర్తు తెలియని బండి గుద్ది పోయిన కేసుల్లో 2022 ఏప్రిల్ 1 నుంచి మృతికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 పరిహారం ఉంది. అది కూడా ఎఫ్‌ఐఆర్, వైద్య రికార్డు ఉంటేనే కదులుతుంది.

పిట్స్‌బర్గ్ చెప్పే సంగతి

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లజాతి వాడ ఉంది. 1960లలో అక్కడ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పోలీసు వ్యాను వచ్చేది. ఎత్తి వెనక పడేసి తీసుకుపోయేవారు, దారిలో వైద్యం లేదు. 1967లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ మొదలైంది. పనిలేదని, పనికిరారని లోకం పక్కన పెట్టిన ఆ వాడ యువకులకే డాక్టర్ పీటర్ సఫార్ నేతృత్వంలో వందల గంటల శిక్షణ ఇచ్చారు. బండిలోనే రోగికి వైద్యం చేసే పారామెడిక్‌లుగా వాళ్లు దేశానికి నమూనా అయ్యారు. 1975లో నగర ప్రభుత్వం ఆ సేవను మూసి తన సొంతది పెట్టుకుంది. చేర్చుకున్న నల్లజాతి సిబ్బందిలో చాలామంది క్రమంగా బయటికి నెట్టబడ్డారు.

వాడ జనం రోగులుగా మాత్రమే కాక సేవ నడిపేవాళ్లుగా కూడా ఉన్నప్పుడు ఎమర్జెన్సీ మారిందని ఆ అనుభవం చెబుతుంది. ఆ సేవ వాళ్ల చేతుల్లోంచి ఎంత తేలిగ్గా పోయిందో కూడా చెబుతుంది. సిద్దిపేటలో స్ట్రెచర్ తోసేవాళ్లు, నేల కడిగేవాళ్లు, శవాన్ని మార్చురీకి చేర్చేవాళ్లు ఏ వాడల నుంచి వస్తున్నారు, రాసే కుర్చీలో కూర్చునేవాళ్లు ఏ ఇండ్ల నుంచి వస్తున్నారు అన్నది వైద్య కళాశాల రిజర్వేషన్ల ప్రశ్న మాత్రమే కాదు. బాధితురాలి మాటను ఎవరు నమ్ముతారన్న ప్రశ్న కూడా.

వెంట వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

ఓపీ చీటీ మీద తేదీతో పాటు సమయం ఉందో లేదో చూడాలి. ఎమ్మెల్సీ చేశారా అని అడిగి నంబర్ రాసుకోవాలి. పని చేస్తుండగా ప్రమాదం జరిగితే ఎవరి పని, ఏ చోట అన్నది చెప్పి రాయించాలి. వేరే ఆసుపత్రికి పంపితే ఎందుకు పంపుతున్నారో, ఇక్కడ ఏం చికిత్స చేశారో ఉన్న రిఫరల్ కాగితం తీసుకోవాలి. అక్కడ బెడ్డు ఉందో లేదో ఫోన్ చేసి చెప్పమని అడగాలి. తెల్ల కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. వైద్య రికార్డు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతుంది. ప్రమాద బాధితుడిని తెచ్చినవాళ్లను పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

అంబులెన్సుకు 108, మహిళలకు 181, అత్యాచారాల మీద జాతీయ హెల్ప్‌లైన్ 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండానే ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతుంది.

సిద్దిపేటలో వెంటనే చేయదగినవి

ఇందులో కొత్త భవనం అవసరమైనది ఏదీ లేదు. బస్తీ దవాఖానాలు వారంలో కొన్ని రోజులైనా సాయంత్రం తెరవాలి. ఎమర్జెన్సీ గోడ మీద ట్రయాజ్ రంగులు, రోగి హక్కులు, హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి. రాత్రి పూట ఒక సహాయకుడిని పెట్టాలి. కాగితాలు చదవలేని వాళ్లకు చదివి చెప్పడమే అతని పని. వంద కిలోమీటర్లు పంపే ప్రతి కేసుకూ ముందు ఫోన్, తర్వాత బండి అనే నియమం పెట్టాలి. ఎంతమందిని పంపారు, ఎందుకు పంపారు, వాళ్లేమయ్యారు అన్న లెక్క నెలనెలా బయటపెట్టాలి. అత్యాచారాల కేసులపై జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశాల్లో ఎఫ్‌ఐఆర్‌లతో పాటు ఎమ్మెల్సీలు, గాయాల సర్టిఫికెట్లు ఎన్ని రోజులకు అందాయో కూడా చూడాలి. ఆ కమిటీలో కూర్చునే దళిత ప్రతినిధులు వచ్చే సమావేశంలోనే ఈ ఒక్క లెక్క అడగొచ్చు.